డ్రంక్ అండ్ డ్రైవ్: లారీ, బస్సు డ్రైవర్ దొరికితే లైసెన్స్ ఒక్కటే కాదు.. ఓనర్ ఇన్సూరెన్స్‌కూ ముప్పే! టెస్టుల రూల్స్ ఇవే..

కారు నడిపే వ్యక్తి డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఫైన్ కడతాడు, కొన్నాళ్లు బండికి దూరంగా ఉంటాడు. అదే లారీ, బస్సు, ట్యాక్సీ, ఆటో డ్రైవర్ దొరికితే? లైసెన్స్ సస్పెండ్ అయిన రోజు నుంచే ఇంట్లో సంపాదన ఆగిపోతుంది. యాక్సిడెంట్ కూడా జరిగిందంటే, ఆ బండి ఓనర్ లక్షల్లో పరిహారం సొంత జేబు నుంచి కట్టుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. అయినా సరే.. లిమిట్ ఎంత, టెస్ట్ ఎవరు చేయొచ్చు, ఊదనంటే ఏమవుతుంది, గంజాయికి టెస్ట్ ఉందా, ఇన్సూరెన్స్ వస్తుందా అన్న విషయాలపై చాలామంది డ్రైవర్లకు, ఓనర్లకు క్లారిటీ లేదు. ఆ వివరాలన్నీ ఇక్కడ చూద్దాం.

లిమిట్ ఎంత? కమర్షియల్ డ్రైవర్లకు వేరే రూల్ ఉందా?

మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. బ్రీత్ అనలైజర్‌లో తేలినా, ల్యాబ్ పరీక్షలో తేలినా ఒకటే. స్కూటీ నడిపేవారికి, 40 మందిని ఎక్కించుకున్న బస్సు డ్రైవర్‌కు, డీజిల్ ట్యాంకర్ డ్రైవర్‌కు.. ఈ సెక్షన్‌లో అందరికీ ఇదే అంకె. కమర్షియల్ డ్రైవర్లకు తక్కువ లిమిట్ అంటూ అందులో వేరే గీత లేదు.

అమెరికాలో అలా కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో మామూలు డ్రైవర్లకు లిమిట్ 80 మిల్లీగ్రాములైతే, కమర్షియల్ వాహనం నడిపేవారికి అందులో సగం, అంటే 40 మాత్రమే.

టెస్ట్ ఎవరు చేయొచ్చు?

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, లేదా రవాణా శాఖ అధికారం ఇచ్చిన ఆఫీసర్. తాగి నడుపుతున్నారన్న అనుమానానికి తగిన కారణం ఉంటే డ్రైవర్‌ను ఊదమని అడగొచ్చని సెక్షన్ 203 చెబుతోంది. యాక్సిడెంట్ జరిగి డ్రైవర్ ఆస్పత్రిలో ఉన్నా టెస్ట్ చేయొచ్చు. అయితే ఇన్‌పేషెంట్‌గా ఉన్నప్పుడు ఈ సెక్షన్ కింద అరెస్ట్ చేయడానికి వీల్లేదు.

ఇక్కడ డ్రైవర్‌కు అనుకూలంగా ఉన్న ఒక నిబంధన చాలామందికి తెలియదు. సెక్షన్ 202 ప్రకారం డ్రంక్ అండ్ డ్రైవ్‌లో వారెంట్ లేకుండా అరెస్ట్ చేస్తే, 2 గంటల్లోపు రిజిస్టర్డ్ డాక్టర్‌తో వైద్య పరీక్ష చేయించాలి. అలా చేయించకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి.

ఊదనంటే తప్పించుకోవచ్చా?

కుదరదు. ఊదడానికి నిరాకరిస్తే, తాగాడని అనుమానించడానికి కారణం ఉంటే, పోలీసులు వారెంట్ లేకుండానే అరెస్ట్ చేయొచ్చు. స్టేషన్‌లో డాక్టర్ ద్వారా రక్త నమూనా ఇమ్మని అడగొచ్చు. సరైన కారణం చూపించకుండా శ్వాస, రక్త పరీక్షలకు ఒప్పుకోకపోతే.. ఆ నిరాకరణనే ప్రాసిక్యూషన్ వాదనకు బలం చేకూర్చే అంశంగా కోర్టు తీసుకోవచ్చని సెక్షన్ 205 చెబుతోంది. అంటే తాగని డ్రైవర్ కోపంతో ఊదనని మొండికేసినా నష్టపోయేది తనే.

దొరికితే శిక్ష ఏంటి?

- మొదటిసారి: 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల ఫైన్, లేదా రెండూ.
- మళ్లీ దొరికితే: 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయల ఫైన్, లేదా రెండూ.

హెల్మెట్ చలానాలా అక్కడికక్కడే కట్టేసి వెళ్లిపోవడం ఇందులో ఉండదు. ఇది రాజీకి వీలున్న నేరాల లిస్టులో లేదు. కోర్టు మెట్లు ఎక్కాల్సిందే.

డ్రైవర్‌కు ఫైన్ కంటే పెద్ద దెబ్బ లైసెన్స్. 2019 సవరణ తర్వాత పోలీసులు లైసెన్స్ స్వాధీనం చేసుకుని, అనర్హత చర్యల కోసం రవాణా శాఖకు పంపాలి. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో కనీసం 3 నెలలు లైసెన్స్ సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రోడ్డు భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. నెల జీతం మీద, ట్రిప్పు బత్తా మీద బతికే డ్రైవర్‌కు 3 నెలలంటే ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఈఎంఐ అన్నీ తలకిందులైనట్టే.

సస్పెన్షన్‌లో ఉండగా "ఎవరు చూస్తారులే" అని బండి ఎక్కితే ఇంకో కేసు. సెక్షన్ 182 కింద 3 నెలల వరకు జైలు లేదా 10,000 ఫైన్ లేదా రెండూ పడొచ్చు. సరైన లైసెన్స్ లేని మనిషికి బండి ఇచ్చినందుకు సెక్షన్ 180 కింద ఓనర్‌కు కూడా 3 నెలల వరకు జైలు లేదా 5,000 ఫైన్ లేదా రెండూ తప్పవు.

ప్రాణం పోతే? అప్పుడు కేసు మోటారు వాహనాల చట్టంతో ఆగదు. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద 5 ఏళ్ల వరకు జైలు ఉంటుంది. ప్రాణాలు పోతాయని తెలిసీ తాగి నడిపాడని తేలితే అంతకంటే తీవ్రమైన, హత్య కిందకు రాని నరహత్య సెక్షన్ 105 కూడా పెట్టొచ్చు.

లోడ్‌తో ఉన్న బండి సంగతేంటి?

ఓనర్లను కంగారుపెట్టే ప్రశ్న ఇదే. డ్రైవర్ తాగి దొరికాడన్న ఒక్క కారణంతో బండిని సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టం చేసింది. తాగని వ్యక్తి ఎవరైనా వెంట ఉండి, లైసెన్స్ ఉంటే బండి అతనికి ఇవ్వొచ్చు. ఎవరూ లేకపోతే పోలీసులు బండిని స్టేషన్‌కో, సురక్షితమైన చోటికో తరలించి, ఓనర్ వచ్చి కాగితాలు చూపిస్తే అప్పగించాలి. అందుకే లాంగ్ ట్రిప్పుల్లో లైసెన్స్ ఉన్న రెండో డ్రైవర్ ఉండటం ఎంతో మేలు. క్లీనర్‌కు స్టీరింగ్ ఇస్తే మాత్రం కొత్త తలనొప్పి కొనితెచ్చుకున్నట్టే.

రాత్రి తాగి పడుకున్నా.. పొద్దున్నే దొరుకుతానా?

దొరికే అవకాశం బాగానే ఉంది. డ్రైవర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రక్తంలోని ఆల్కహాల్ సగటున గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గుతుంది. మనిషిని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

లెక్క చూడండి. రాత్రి 12 గంటలకు ఒక డ్రైవర్ రక్తంలో 150 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. పొద్దున 6 గంటలకు బండి తీశాడు. 6 గంటల్లో తగ్గేది సుమారు 90. ఇంకా 60 మిగిలే ఉంటుంది. అంటే లిమిట్‌కు రెట్టింపు! తలస్నానం చేసినా, మజ్జిగ తాగినా, నిమ్మకాయ నమిలినా, రెండు కప్పుల స్ట్రాంగ్ కాఫీ తాగినా ఈ లెక్క మారదు. సోంపు, ఉల్లిపాయ నోటి వాసనను మారుస్తాయేమో కానీ రక్తాన్ని కాదు. మిషన్ కొలిచేది వాసనను కాదు, ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలిలోని ఆల్కహాల్‌ను. దీన్ని తగ్గించేది టైమ్ ఒక్కటే.

తాగకపోయినా రీడింగ్ వస్తే?

అలా కూడా జరుగుతుంది. నోట్లో మిగిలిన ఆల్కహాల్ వల్ల కాసేపు తప్పుడు రీడింగ్ రావొచ్చు. కొన్ని మౌత్‌వాష్‌లు, దగ్గు సిరప్‌లు, హోమియో చుక్కల మందుల్లో ఆల్కహాల్ ఉంటుంది. బాగా మగ్గి పులిసిన పండు తిన్నా ఇదే సమస్య. 2025 జులైలో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో ఇలాగే డ్యూటీకి ముందు టెస్టులో డ్రైవర్లకు రీడింగ్ రావడం అందర్నీ ఆశ్చర్యపరిచింది. చివరకు కారణం పనస పండు అని తేలింది. అప్పటిదాకా జీరో వచ్చిన వాళ్లు అదే పండు తిని ఊదితే వాళ్లకూ రీడింగ్ వచ్చింది!

పరిష్కారం సింపుల్. నోరు నీళ్లతో పుక్కిలించి, 15 నుంచి 20 నిమిషాలు ఏమీ తినకుండా, తాగకుండా ఆగి రెండోసారి ఊదాలి. నోట్లోని ఆల్కహాల్ అయితే పోతుంది. రక్తంలోది అయితే అలాగే ఉంటుంది. అప్పటికీ వివాదం ఉంటే రక్త పరీక్ష కోరడమే సరైన దారి. వాడుతున్న మందుల చీటీ దగ్గర పెట్టుకోవడం కూడా మంచిది.

గంజాయి, మత్తు మాత్రలకు టెస్ట్ ఉందా?

తాగి నడిపినా, డ్రగ్స్ తీసుకుని నడిపినా సెక్షన్ 185 వర్తిస్తుంది. కానీ రెండింటికీ పెద్ద తేడా ఉంది. ఆల్కహాల్‌కు 30 అనే అంకె ఉంది. డ్రగ్స్‌కు అలాంటి అంకె లేదు. వాహనాన్ని అదుపులో పెట్టుకోలేనంతగా మత్తులో ఉన్నాడని నిరూపించాలి. రోడ్డు మీద వాడే బ్రీత్ అనలైజర్ గంజాయిని పట్టలేదు. అందుకు లాలాజలం, మూత్రం లేదా రక్తం పరీక్షించాలి. పైగా గంజాయి ఆనవాళ్లు మూత్రంలో రోజుల తరబడి, బాగా అలవాటున్నవారిలో వారాల తరబడి కనిపిస్తాయి. కాబట్టి పాజిటివ్ వచ్చిందంటే వాడాడని తెలుస్తుంది కానీ, స్టీరింగ్ పట్టిన ఆ గంటలో మత్తులో ఉన్నాడో లేదో అదొక్కటే చెప్పలేదు. మన టెస్టింగ్ విధానంలో బలహీనమైన లింకు ఇదే.

అలాగని డ్రైవర్ సేఫ్ అనుకోవద్దు. మాదకద్రవ్యాల వాడకమే ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 కింద నేరం. పదార్థాన్ని బట్టి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు పడొచ్చు.

2019 సవరణలో "డ్రగ్" అనే మాటకు ఇచ్చిన అర్థంలోకి ఎన్‌డీపీఎస్ చట్టంలోని మాదకద్రవ్యాలు, మనోప్రభావిత పదార్థాలు కూడా వస్తాయి. అంటే నొప్పులకు వాడే ట్రమడాల్, నిద్రకు, ఆందోళనకు ఇచ్చే ఆల్ప్రజోలమ్ లాంటివి కూడా. డాక్టర్ రాసిచ్చినవైనా సరే, మత్తు వచ్చేంత ప్రభావంలో బండి నడిపితే ఇబ్బందే. "నేను డ్రైవర్‌ని" అని డాక్టర్‌కు ముందే చెప్పి మందులు రాయించుకోవాలి.

తెలంగాణలో మరో ప్రమాదం కల్తీ కల్లు. ఇలాంటి కల్లులో ఆల్ప్రజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నట్టు ఎన్నోసార్లు బయటపడింది. "కల్లే కదా" అని రెండు గ్లాసులు తాగిన డ్రైవర్‌కు బ్రీత్ అనలైజర్‌లో తక్కువ రీడింగ్ రావచ్చు. కానీ మత్తు మందు మాత్రం ఒంట్లో పని చేస్తూనే ఉంటుంది. కళ్లు మూతలు పడుతుంటే మిషన్‌లో వచ్చిన అంకె ఎవరినీ కాపాడదు.

ఆర్టీసీలో ఉంది.. ప్రైవేటులో ఏది?

తెలుగు రాష్ట్రాల ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్ డ్యూటీ ఎక్కే ముందు బ్రీత్ టెస్ట్ చేసే పద్ధతి ఉంది. రైల్వేలో లోకో పైలట్లు డ్యూటీలో చేరేటప్పుడు ఊదాల్సిందే. విమానాల విషయంలో డీజీసీఏ ఇంకా కఠినంగా ఉంటుంది. ఫ్లైట్‌కు ముందు టెస్టులో మొదటిసారి దొరికిన పైలట్ లైసెన్స్ 3 నెలలు, రెండోసారి 3 ఏళ్లు సస్పెండ్ అవుతుంది. మూడోసారి రద్దే.

మరి ప్రైవేటు ట్రావెల్స్ బస్సు, లారీ, స్కూల్ బస్సు? వీటి డ్రైవర్‌కు బండి బయల్దేరే ముందు యజమాని తప్పనిసరిగా టెస్ట్ చేయాలని మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ ఏదీ లేదు. చట్టం డ్రైవర్‌ను రోడ్డు మీద పట్టుకుంటుంది. అంటే అప్పటికే బండి కదిలింది, ప్రయాణికులు ఎక్కారు, ప్రమాదం మొదలైంది. బండి కదలక ముందు ఆపగలిగేది ఓనర్ లేదా మేనేజర్ మాత్రమే.

అమెరికాలో ఈ ఖాళీని చట్టంతోనే పూడ్చారు. 1987లో మేరీల్యాండ్‌లోని చేజ్ దగ్గర రైలు ప్రమాదంలో 16 మంది చనిపోయారు. 1991లో న్యూయార్క్ సబ్‌వే ప్రమాదంలో మరో 5 మంది ప్రాణాలు కోల్పోయారు. మొదటి దాంట్లో గంజాయి, రెండో దాంట్లో మద్యం బయటపడ్డాయి. 1991లోనే రవాణా ఉద్యోగులకు టెస్టులు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ ట్రక్కు డ్రైవర్‌ను పనిలో పెట్టుకునే ముందు డ్రగ్ టెస్ట్ చేయాలి. ఏడాది పొడవునా ఎప్పుడు ఎవరిని పిలుస్తారో తెలియకుండా ర్యాండమ్ టెస్టులు ఉంటాయి. అనుమానం వచ్చినా, తీవ్రమైన యాక్సిడెంట్ జరిగినా టెస్టే. నిరాకరిస్తే ఫెయిలైనట్టే లెక్క. 2020 జనవరి 6 నుంచి ఫెయిలైన వారి వివరాలన్నీ ఒకే జాతీయ డేటాబేస్‌లో ఉంటున్నాయి. ఒక కంపెనీలో దొరికి, ఇంకో కంపెనీలో చేరిపోవడం ఇక కుదరదు. 2024 నవంబర్ 18 నుంచి అలాంటి వారి కమర్షియల్ లైసెన్స్ హోదానే తీసేస్తున్నారు. అయితే చికిత్స తీసుకుని, మళ్లీ టెస్టులో నెగ్గితే తిరిగి స్టీరింగ్ పట్టే దారి కూడా అక్కడ ఉంది.

ఓనర్లూ.. ఇన్సూరెన్స్ సంగతి చూసుకున్నారా?

"తాగింది డ్రైవర్, నాకేంటి?" అనుకునే ఓనర్లు ఈ భాగం జాగ్రత్తగా చదవాలి.

థర్డ్ పార్టీ: 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సెక్షన్ 150 ప్రకారం, డ్రైవర్ మద్యం లేదా డ్రగ్స్ ప్రభావంలో ఉన్నాడన్నది ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టులో వాడుకోగల డిఫెన్స్. బాధిత కుటుంబం నష్టపోకుండా ముందు కంపెనీ కట్టి, తర్వాత ఆ మొత్తాన్ని ఓనర్ నుంచి రాబట్టుకోమని కోర్టులు ఆదేశించిన సందర్భాలున్నాయి. ఒక మరణానికి పరిహారమే లక్షల్లో ఉంటుంది. ఒక్క లారీ మీద బతికే ఓనర్‌కు అది లారీతో పాటు ఇల్లు కూడా పోయేంత దెబ్బ.

సొంత బండి డ్యామేజ్: ఓనర్ అనుమతితో నడుపుతున్న వ్యక్తి మత్తులో ఉంటే క్లెయిమ్ ఇవ్వబోమన్న షరతు మోటార్ పాలసీల్లో ఉంటుంది. టెస్ట్ చేయలేదు కాబట్టి తప్పించుకుంటామనుకోవడం కూడా పొరపాటే. శ్వాస, రక్త పరీక్షల రిపోర్టు లేకపోయినా, ఇతర ఆధారాలతో డ్రైవర్ మత్తులో ఉన్నాడని కంపెనీ నిరూపించొచ్చని 2021లో సుప్రీంకోర్టు ఒక కారు ప్రమాదం కేసులో తేల్చి చెప్పింది.

డ్రైవర్‌కు వచ్చే పరిహారం: డ్యూటీలో గాయపడిన డ్రైవర్ మత్తులో ఉన్నందువల్లే ఆ ప్రమాదం జరిగిందని తేలితే, యజమాని పరిహారం ఇవ్వనవసరం లేదు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం జరిగిన కేసులకు మాత్రమే మినహాయింపు.

తెలిసీ పంపితే: డ్రైవర్ తాగి ఉన్నాడని తెలిసీ "లోడ్ లేటవుతోంది, పోనీ" అన్న ఓనర్‌పై సెక్షన్ 188 కింద ప్రోత్సహించిన కేసు పెట్టొచ్చు. డ్రైవర్‌కు పడే శిక్షే ఓనర్‌కూ వర్తిస్తుంది.

"ఎవరికీ ఏం కాలేదు కదా" అన్న వాదనకూ విలువ లేదు. ఉత్తరప్రదేశ్‌లో సాయుధ పోలీసులను తీసుకెళ్తున్న ట్రక్కును మద్యం మత్తులో నడిపి, జీపును ఢీకొట్టిన డ్రైవర్ కేసులో సుప్రీంకోర్టు 2022లో ఇదే చెప్పింది. పెద్ద ప్రమాదం తప్పడం కేవలం అదృష్టమని, మత్తులో డ్రైవింగ్ తీవ్రమైన తప్పేనని తేల్చింది. 25 ఏళ్ల సర్వీసును చూసి డిస్మిస్‌ను కంపల్సరీ రిటైర్మెంట్‌గా మార్చింది కానీ, ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఓనర్లు, ట్రావెల్స్ మేనేజర్లు ఇలా చేయొచ్చు..

- ఒక బ్రీత్ అనలైజర్ కొనండి. కంపెనీ చెప్పిన గడువు ప్రకారం కాలిబ్రేషన్ చేయించండి. మనిషికో కొత్త గొట్టం వాడండి.
- తాళం ఇచ్చే ముందు టెస్ట్. తేదీ, టైమ్, రీడింగ్, డ్రైవర్ సంతకం రిజిస్టర్‌లో రాయండి. రేపు కోర్టులో మీ జాగ్రత్తకు ఇదే సాక్ష్యం.
- రీడింగ్ వస్తే అరవకండి, అవమానించకండి. పుక్కిలించమని చెప్పి, 20 నిమిషాల తర్వాత మళ్లీ టెస్ట్ చేయండి. అప్పటికీ వస్తే ఆ రోజు తాళం ఇవ్వొద్దు.
- రీడింగ్ జీరో వచ్చినా కళ్లు ఎర్రబడి, మాట తడబడుతుంటే, నిద్రమత్తులో ఉంటే బండి ఇవ్వొద్దు.
- పనిలో పెట్టుకునేటప్పుడే టెస్టులకు ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. లైసెన్స్ సస్పెన్షన్‌లో ఉందేమో పరివాహన్ పోర్టల్‌లో చూసుకోండి.
- డ్యూటీ గంటలు చూడండి. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు సాధారణ పరిమితిగా ఉండేది. ఒళ్లు నొప్పులకు పెగ్గు, నిద్ర ఆపుకోడానికి మరేదో.. చాలామందికి అలవాటు మొదలయ్యేది నిద్ర లేని ఈ ట్రిప్పుల దగ్గరే. వరుసగా రెండు రాత్రులు నడిపించి, మూడో రోజు టెస్ట్ పెడితే సమస్య తీరదు.

మానేయాలనుకునే డ్రైవర్‌కు దారి ఉందా?

ఉంది. డీ అడిక్షన్ కోసం కేంద్ర ప్రభుత్వ టోల్ ఫ్రీ నంబర్ 14446కు కాల్ చేయొచ్చు. మాదకద్రవ్యాలకు బానిసై, వాడకం కేసులో లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యక్తి తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు ముందుకొస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కూడా ఉంది. చికిత్స పూర్తి చేయకుండా మధ్యలో మానేస్తే మాత్రం ఆ రక్షణ పోవచ్చు.

ఒక్క మాటలో చెప్పాలంటే.. రోడ్డు మీద పోలీసు చేసే టెస్ట్ కేసు పెట్టడానికి పనికొస్తుంది. తాళం ఇచ్చే ముందు షెడ్డులో చేసే టెస్ట్ ప్రాణం కాపాడటానికి పనికొస్తుంది. దీనికి పట్టేది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషం వల్ల డ్రైవర్‌కు లైసెన్స్, ఓనర్‌కు బండి, ప్రయాణికులకు ప్రాణాలు దక్కుతాయి.